పొట్లం దొరికిన కుర్రాడికి వైద్యమా, వాయిదాలా?

పుదుచ్చేరిలో నేను అద్దెకుంటున్న ఇందిరా నగర్ చుట్టూ ఆసుపత్రులకూ ఆరోగ్య పరిశోధనకూ కొదవ లేదు. ఐసీఎంఆర్ వారి వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్ ఇక్కడే ఉంది. దోమలు, అవి మోసుకొచ్చే జబ్బుల మీద పరిశోధన కోసం 1975లో పెట్టిన సంస్థ అది. జిప్మర్‌కు నడిచే వెళ్లొచ్చు. బోదకాలు వచ్చిన మనిషిని పట్టుకుని "నిన్ను దోమ ఎందుకు కుట్టనిచ్చావ్" అని ఈ పేటలో ఎవరూ స్టేషన్‌కు ఈడ్చుకెళ్లరు. ఇంటింటికీ తిరుగుతారు, రక్తం తీసి చూస్తారు, మాత్రలిస్తారు. గంజాయి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇదే పేటలో లెక్క మారిపోతుంది.

మా వీధి చివరింటి అక్క కాంట్రాక్టు పారిశుద్ధ్య కార్మికురాలు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, పిల్లలు చదివింది తమిళం. తమిళనాడులో అరుంధతియార్లన్న పేరు కింద వచ్చే మాదిగ, ఆది ఆంధ్ర, తోటి కుటుంబాల్లో ఇలాంటి ఇళ్లు చాలా ఉంటాయి. ఆమె నన్ను 'తంబీ' అంటుంది, నేను 'అక్కా' అంటాను. ఒక రాత్రి పదిన్నరకు తలుపు తట్టింది. "తంబీ, మావాణ్ణి పట్టుకపోయినారు. నువ్వు సదువుకున్నోడివి, కొంచెం వస్తావా?"

పిల్లవాడికి పందొమ్మిదేళ్లు. ఐటీఐ అయిపోయి అప్రెంటిస్ కోసం తిరుగుతున్నాడు. జేబులో రెండు గంజాయి పొట్లాలు దొరికాయి. ఏ స్టేషన్ అన్నది ఇక్కడ ముఖ్యం కాదు, ఎక్కడైనా ఇదే జరుగుతుంది. నేను వెళ్లేసరికి వాడు ఏవో కాగితాల మీద సంతకాలు పెట్టేసి ఉన్నాడు. అందులో ఏముందో చదివావా అంటే తల అడ్డంగా ఊపాడు. ఆ రాత్రీ మర్నాడూ మాకు దొరికిన సలహా ఒక్కటే: "ఒప్పేసుకోమను, ఫైన్ కట్టి ఇంటికి పోవచ్చు." పోలీసాయన చెప్పాడు, అక్క తమ్ముడు చెప్పాడు, పదిహేను వేలు అడిగిన వకీలూ అదే చెప్పాడు. ఎవరూ చెడు కోరి చెప్పలేదు. నన్ను భయపెట్టింది అదే.

ఒప్పేసుకోవడం అంటే ఏమిటో ఒకసారి చూద్దాం. మాదకద్రవ్యాల చట్టం, అంటే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం గంజాయి తాగినందుకు సెక్షన్ 27 కింద ఆరు నెలల దాకా జైలు, లేదా పది వేల దాకా జరిమానా, లేదా రెండూ. కిలో లోపు గంజాయి 'స్వల్ప పరిమాణం'. అది దగ్గరుంటే ఏడాది దాకా శిక్ష పడొచ్చు. ఒప్పుకుంటే మేజిస్ట్రేటు సాధారణంగా జరిమానాతో సరిపెట్టవచ్చు, నిజమే. కానీ కోర్టు కాగితం మీద అది నేర నిర్ధారణ. రేపు ఈ పిల్లవాడు రైల్వేలోనో విద్యుత్ శాఖలోనో ఎస్సీ కోటాలో ఉద్యోగానికి పెట్టుకున్నప్పుడు, నీ మీద ఎప్పుడైనా కేసు ఉందా, శిక్ష పడిందా అని ధ్రువీకరణ ఫారం అడుగుతుంది. మూడు తరాలుగా చీపురు పట్టిన ఇంట్లో మొదటిసారి ఒకడు స్పానర్ పట్టుకున్నాడు. ఆ ఒక్క ఆశకు పదివేల రూపాయల రశీదు అడ్డం పడుతుంది. డబ్బున్న ఇంటి పిల్లవాడికి ఇదే రశీదు కుర్రతనపు జ్ఞాపకంగా మిగులుతుంది, ఎందుకంటే వాడి బతుకు పోలీసు వెరిఫికేషన్ మీద ఆధారపడి లేదు.

అదే చట్టంలో సెక్షన్ 64ఏ అని ఇంకొకటుంది. మత్తుకు అలవాటుపడిన వ్యక్తి మీద సెక్షన్ 27 కింద గానీ స్వల్ప పరిమాణం కింద గానీ కేసు ఉన్నప్పుడు, తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలోనో ప్రభుత్వం గుర్తించిన సంస్థలోనో చికిత్సకు చేరితే ఆ కేసులో ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ పొందవచ్చు. సెక్షన్ 39 ఇంకో దారి: దోషి అని తేలినా, శిక్ష వేసే బదులు కోర్టు చికిత్సకు పంపవచ్చు. సెక్షన్ 50 ప్రకారం ఒంటి సోదాకు ముందు, గెజిటెడ్ అధికారి ఎదుటనో మేజిస్ట్రేటు ఎదుటనో సోదా చేయించుకునే హక్కు నీకుందని చెప్పి తీరాలి. అధికారుల ముందు సెక్షన్ 67 కింద ఇచ్చిన వాంగ్మూలాన్ని నేరాంగీకారంగా వాడకూడదని తూఫాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. ఆ రాత్రి ఆ గదిలో వీటిలో ఒక్కదాని పేరు కూడా ఎవరి నోటా రాలేదు. నాకూ తెలియదు, ఒప్పుకుంటున్నాను. నా పరిశోధన వేరే విషయం. మర్నాడు లైబ్రరీలో కూర్చుని చదివాకే తెలిసింది.

ఇంకొకటి తెలిసినప్పుడు సిగ్గేసింది. 1987 నాటి న్యాయసేవల చట్టం సెక్షన్ 12 ప్రకారం షెడ్యూల్డ్ కులాలు, తెగలవారికి ఉచిత న్యాయ సహాయం హక్కు. ఆదాయం ఎంతన్నది చూడరు. మహిళలకూ, కస్టడీలో ఉన్నవారికీ అంతే. కోటా గురించి, ఫెలోషిప్ గురించి సెక్షన్లతో సహా వాదించే మనలో ఎంతమందికి ఈ సెక్షన్ నోటికొచ్చు? జాతీయ న్యాయసేవల సంస్థ నల్సా, మాదకద్రవ్యాల బాధితులకు న్యాయ సేవలందించడానికి 2015లోనే ప్రత్యేకంగా ఒక పథకం పెట్టింది. 15100కు ఫోన్ చేస్తే పలుకుతారు. అక్క చేతిలో పదిహేను వేలు లేవు, వారం వడ్డీకి తేబోతోంది. ఆ అప్పు అవసరమే లేదని చెప్పడానికి ఒక మనిషి కావాలి. ఆ వీధిలో ఆ మనిషి లేడు.

ఒప్పేసుకునే ఈ తంతు పుదుచ్చేరికే ప్రత్యేకం కాదు. ముంబయి మేజిస్ట్రేటు కోర్టుల్లో 2017, 2018 సంవత్సరాల ఎన్‌డీపీఎస్ కేసులను విధి సెంటర్ ఫర్ లీగల్ పాలసీ పరిశీలిస్తే, దాదాపు అన్నీ సొంత వాడకం కేసులే, అందులోనూ ఎక్కువ గంజాయివే. పట్టుబడినవాళ్లలో అధికులు మురికివాడల వాళ్లు, ఫుట్‌పాత్ మీద బతికేవాళ్లు. నేరం ఒప్పుకుని బయటపడ్డవాళ్లే అంతా. అదే ముంబయిలో 2021 అక్టోబరులో ఒక సినీ నటుడి కొడుకును పట్టుకున్నప్పుడు దేశంలోని పేరున్న వకీళ్లంతా కోర్టులో బారులు తీరారు. అతని మీద అభియోగమే మోపలేదని మరుసటి ఏడాది తేలింది. అది సరైన ఫలితమే, నాకు దాని మీద ఫిర్యాదు లేదు. ఆ అబ్బాయికి దొరికిన న్యాయం మా వీధి అబ్బాయికీ దొరకాలన్నదే నా గోల. దేశ జనాభాలో ఎస్సీలు 2011 లెక్కల ప్రకారం 16.6 శాతం. జైళ్లలో విచారణ ఖైదీల్లో మాత్రం ప్రతి ఐదుగురిలో ఒకరు ఎస్సీ.

చట్టం ఎవరి మత్తును మత్తు అంటుందో కూడా చూడాలి. గంజాయి అంటే మొక్క పూత, కాయ భాగాలని చట్టం నిర్వచనం. పూత లేని ఆకూ గింజా అందులోకి రావు. అందుకే కొన్ని ఉత్తరాది రాష్ట్రాల్లో భంగు లైసెన్సు దుకాణాల్లో దొరుకుతుంది, పండగకు ప్రసాదమవుతుంది. అదే మొక్క పూతను బీడీలో చుట్టుకున్న కూలీ నేరస్థుడు. మా పుదుచ్చేరిలో వారాంతానికి బెంగళూరు, చెన్నైల నుంచి వచ్చి బీచ్ రోడ్డులో తాగేవాళ్లు టూరిజం. సారా దుకాణం ముందు పడిపోయిన మనిషి న్యూసెన్స్. రెండూ ఖజానాకు రాబడే.

సరే, కేసు సంగతి అలా ఉంచుదాం. వైద్యం మాటేమిటి?

కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ కోసం ఎయిమ్స్ చేసిన జాతీయ సర్వే 2019లో వచ్చింది. దేశంలో 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారు, 3.1 కోట్ల మంది గంజాయి, భంగు వంటివి వాడుతున్నారు, 2.26 కోట్ల మంది నల్లమందు జాతి మత్తులు వాడుతున్నారు. సూదితో ఎక్కించుకునేవాళ్లు ఎనిమిదిన్నర లక్షలు. మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. మిగతా మత్తుల విషయంలో ప్రతి 20 మందికి ఒకరు. మిగిలినవాళ్లు ఎక్కడికి పోతారు? మా అక్క కొడుకు పోయినచోటికే.

వాణ్ణి అంతకు ముందు ఏడాది ఊరవతల ఒక ప్రైవేటు 'మత్తు విముక్తి కేంద్రం'లో వేశారు. నెలకు పన్నెండు వేలు. నలభై రోజుల తర్వాత తల గొరిగించుకుని, వీపు మీద చారలతో తిరిగొచ్చాడు. లోపల డాక్టరు వారానికోసారి కూడా రాలేదట. తాళం మాత్రం రోజూ పడేది. "కొడితేనే మానతాడని సెప్పినారు తంబీ, నేనూ సరే అన్నాను" అని అక్క చెప్పింది. ఆమె గొంతులో పశ్చాత్తాపం కంటే అలసట ఎక్కువ వినిపించింది. కొట్టారు. బయటికొచ్చిన వారానికి మళ్లీ మొదలుపెట్టాడు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తు వ్యసనాలతో వచ్చే మానసిక స్థితులను కూడా మానసిక అనారోగ్యం కిందే లెక్కేస్తుంది. అంటే అలాంటి కేంద్రం నమోదై ఉండాలి. అందులో ఉన్న మనిషికి క్రూరమైన, అవమానకరమైన వ్యవహారం నుంచి రక్షణ ఉండాలి. ఉచిత న్యాయ సహాయం అడిగే హక్కు కూడా ఆ చట్టమే ఇచ్చింది. తల గొరగడం చికిత్స అని ఏ చట్టంలోనూ లేదు.

వాడి స్నేహితుడు ఒకడున్నాడు, పెయింటింగు పనులకు పోతాడు. నొప్పి మాత్రలు సూదితో ఎక్కించుకుంటాడు, సిరంజి ఇద్దరు ముగ్గురు పంచుకుంటారు. ఇక్కడ గంజాయి కంటే పెద్ద ప్రమాదం ఉంది: హెచ్‌ఐవీ, హెపటైటిస్ సి. అలాంటివాడికి ముందు కావాల్సింది నీతిబోధ కాదు, శుభ్రమైన సూది. ఆ మాట వినగానే మనవాళ్లే ఉలిక్కిపడతారు. కానీ ఇది ఏ విదేశీ సంస్థో తెచ్చిపెట్టిన మాట కాదు. ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నాకో ఏళ్లుగా నడుపుతున్న కార్యక్రమం. కొత్త సూదులు ఇస్తారు, నల్లమందు జాతి మత్తుకు బదులు బ్యుప్రెనార్ఫిన్ మాత్ర రోజూ నాలుక కింద పెట్టిస్తారు. 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం సెక్షన్ 22 ఈ పని చేసేవాళ్లకూ, దాన్ని అందుకునేవాళ్లకూ రక్షణ ఇచ్చింది. అందుకని సూది అందుకున్నందుకు కేసు కట్టడానికి వీల్లేదు. చట్టం అంత స్పష్టంగా ఉన్నా ఆ పెయింటరు ఆసుపత్రికి రాడు. ఓపీలో పేరు రాయిస్తే పోలీసులకు పోతుందని వాడి నమ్మకం. ఆ నమ్మకం తప్పని నేను వాడికి గట్టిగా చెప్పలేకపోయాను, ఎందుకంటే వాడు చూసిన ప్రపంచంలో పేరు రాయించుకున్న ప్రతి చోటా వాడికి నష్టమే జరిగింది.

వైద్యమూ వకాల్తా ఒకేచోట దొరకాలని నేను అనడం ఇందుకే. డాక్టరు దగ్గరికి పోవాలంటే కేసు భయం, కోర్టులో 64ఏ అడగాలంటే డాక్టరు కాగితం. ఒకదానికొకటి తాళం. పైగా 64ఏలోనే ఒక ముడి ఉంది: చికిత్స పూర్తి చేయకపోతే ఆ రక్షణను వెనక్కి తీసుకోవచ్చు. వ్యసనం ఒక్కసారికి పోయే జబ్బు కాదని ఏ మానసిక వైద్యుడైనా చెబుతాడు. మానడం, మళ్లీ పడడం, మళ్లీ లేవడం అందులో భాగమే. షుగరు పేషెంటు పండక్కి మిఠాయి తిన్నాడని ఇన్సులిన్ ఆపేస్తామా? అప్పుడప్పుడూ తాగేవాడికైతే 64ఏ అసలు వర్తించదు, వాడు 'వ్యసనపరుడు' కాడు గనక. రక్షణ దొరకాలంటే ముందు నేను వ్యసనపరుణ్ణని ముద్ర వేయించుకోవాలి. పోర్చుగల్ 2001లో ఈ చిక్కును వేరేలా విప్పింది. పది రోజుల వాడకానికి మించకుండా దగ్గరుంటే అక్కడ నేరం కాదు. న్యాయం, వైద్యం, సామాజిక సేవ తెలిసినవాళ్లున్న ఒక కమిషన్ ముందుకు మనిషి వెళతాడు. అమ్మకం మాత్రం అక్కడా నేరమే. మన సామాజిక న్యాయ శాఖ కూడా సొంత వాడకాన్ని నేరంగా చూడొద్దని సిఫారసు చేసినట్టు 2021 అక్టోబరులో పత్రికల్లో వచ్చింది. సెక్షన్ 27 మాత్రం అలాగే ఉంది.

ఈ మాటలు మాట్లాడినప్పుడల్లా మన సభల్లో ఎవరో ఒకరు లేస్తారు. బాబాసాహెబ్ 22 ప్రతిజ్ఞల్లో మద్యం ముట్టనన్నది ఒకటి కదా, తాగేవాణ్ణి వెనకేసుకొస్తావా అని. గౌరవించాల్సిన ప్రశ్న. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షల మంది చేత ఆ ప్రతిజ్ఞ చేయించింది ఆయనే. కానీ 1951లో షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ ఎన్నికల ప్రణాళికలో మద్యనిషేధాన్ని నిక్కచ్చిగా వ్యతిరేకించిందీ ఆయనే. నిషేధం వల్ల ఖజానాకు గండి పడుతుందని మాత్రమే అనలేదు. అది పోగొట్టాలనుకున్న చెడు కంటే తెచ్చిపెట్టిన చెడే పెద్దదన్నారు, దొంగసారా కాపడం ఇళ్లలోకి చేరిందన్నారు. ఈ రెండింటికీ వైరుధ్యం ఉందని నేను అనుకోను. ప్రతిజ్ఞ మనిషి తనకు తాను పెట్టుకునే నియమం, ఆత్మగౌరవంలోంచి వచ్చేది. లాఠీ బయటి నుంచి వచ్చేది. మొదటిది మనిషిని లేపుతుందని నమ్మినాయన, రెండోది మన పేటల మీదే పడుతుందని ఎరగనివాడు కాదు.

మా ఊరు కోనసీమలో, గోదావరికి అవతల యానాం. 1995లో ఆంధ్రలో సంపూర్ణ మద్యనిషేధం పెట్టినప్పుడు యానాం పుదుచ్చేరిలో భాగం గనక అక్కడ దుకాణాలు తెరిచే ఉన్నాయి. అప్పటికి ఎదుర్లంక వంతెన లేదు. మా పేట మగవాళ్లు పంటు మీద అవతలికి పోయి తాగొచ్చేవాళ్లని మా నాయనమ్మ చెప్పేది. తిరిగొచ్చేటప్పుడు పట్టుబడిందెవరు? మోటారుసైకిలున్న ఆసామి కాదు, మడత పంచెలో సీసా దాచిన పాలేరు. అవతలి ఒడ్డున రాబడి, ఇవతలి ఒడ్డున నేరం, మధ్యలో అదే నీళ్లు. 1997లో నిషేధం పోయింది. ఆ నిషేధానికి దారితీసిన పోరాటం మొదలైంది 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో. ఆ ఆడవాళ్లను తక్కువ చేసి నేనొక్క మాట అనను. అయితే వాళ్లు నిలదీసింది సారా పాటలు పాడించే ప్రభుత్వాన్ని. మా మొగుళ్లకు శిక్ష వేయండన్నది వాళ్ల పోరాటం కాదు. మనం ఇప్పుడు ఆ చరిత్రను తలకిందులు చేసి, అమ్మకాన్ని వదిలి తాగినవాడి మీద పడ్డాం.

గంజాయి విషయంలోనూ అంతే. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర ఆంధ్ర పోలీసులు రెండు లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. టీవీలో మంటలు బాగా కనిపించాయి. మన్యంలో దాన్ని పండించిన ఆదివాసీ రైతుకు దక్కేది ఎంత, కొండ దించి రాష్ట్రాలు దాటించిన వ్యాపారికి దక్కేది ఎంత అన్నది మంటల్లో కనిపించదు. విశాఖ కేంద్ర కారాగారంలో గంజాయి కేసుల వాళ్లే పెద్ద భాగం. కూలికి సంచి మోసిన కుర్రాళ్లు అందులో ఎందరో. ఇరవై కిలోలు దాటితే సెక్షన్ 37 బెయిలు దారిని దాదాపు మూసేస్తుంది. ఒక చివర పండించే ఆదివాసీ, ఇంకో చివర తాగే దళిత కుర్రాడు. మధ్యలో లాభం తీసేవాళ్ల పేర్లు నా కేసు కాగితాల్లో ఎక్కడా కనిపించలేదు.

విద్యార్థులకూ అధ్యాపకులకూ చెప్పాలనుకున్నది ఒకటుంది. 2020 ఆగస్టు 15న మొదలైన నషా ముక్త్ భారత్ అభియాన్ పేరిట కాలేజీల్లో ప్రతిజ్ఞలు, ర్యాలీలు, బ్యానర్ల ముందు ఫొటోలు జరుగుతూనే ఉన్నాయి. దాన్ని నడిపే సామాజిక న్యాయ శాఖే నాకు ఫెలోషిప్ ఇస్తుంది. అందుకేనేమో దాని మీద నాకు ఆశ చావలేదు. ర్యాలీకి వచ్చిన రెండు వందల మందిలో పది మంది న్యాయసేవల సంస్థలో పారాలీగల్ వలంటీర్లుగా చేరితే చాలు, ఒక పేటకు రాత్రి పదిన్నరకు తలుపు తట్టడానికి ఒక ఇల్లు దొరుకుతుంది. ఇక్కడ కాలాపేటలో అంబేద్కర్ పేరుతోనే ప్రభుత్వ లా కాలేజీ ఉంది. జిప్మర్‌లో మానసిక వైద్య విభాగం ఉంది. ఈ రెండు చోట్లా చదువుకునే మన పిల్లలున్నారు. వాళ్లు ఆదివారం పూట ఒక సమాజ భవనంలో ఒకే బల్ల దగ్గర కూర్చోవడానికి ఏ చట్ట సవరణా అక్కర్లేదు. ఒకరు బీపీ చూసి మాట్లాడించాలి, ఇంకొకరు సమన్లు చదివి పెట్టాలి. వచ్చినవాడి పేరు అడగకపోయినా ఫరవాలేదు. ఫోన్ నంబర్లూ ఉన్నాయి, వ్యసన సహాయానికి 14446, మానసిక ఆరోగ్యానికి 14416. కానీ మా పెయింటరు నంబరుకు ఫోన్ చేయడు, మనిషి దగ్గరికైతే వస్తాడు. హాస్టల్ గదుల్లో సోదాలు జరిగినప్పుడు ఏ కులం పిల్లల గదులు ముందు తెరిపిస్తారో మనకు తెలియనిది కాదు. అప్పుడైనా ఈ సెక్షన్లు మనకు పనికొస్తాయి.

అక్క కొడుకు ఒప్పుకోలేదు. న్యాయసేవల తరఫున ఒక ఆడ వకీలు వచ్చింది, రూపాయి తీసుకోలేదు, 64ఏ కింద అర్జీ వేసింది. ప్రభుత్వ ఆసుపత్రిలో చికిత్స మొదలై మూడు నెలలైంది. మధ్యలో ఒకసారి జారాడు, తనే వచ్చి డాక్టరుకు చెప్పాడు. సమన్లూ ఓపీ చీటీలూ ఒకే ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని తిరుగుతాడు. వచ్చే వాయిదా రోజే రివ్యూ కూడా పడింది. టోకెన్ ఏడున్నరకు ఇస్తారు, కోర్టులో పిలుపు పదిన్నరకు. అక్క సెలవు పెడితే ఆ రోజు కూలి పోతుంది, అందుకని లైనులో నేను నిలబడతానన్నాను. వాడు తొమ్మిదింటికల్లా వచ్చి చూపించుకుంటే కోర్టుకు బస్సు అందుతుంది.